ట్రినిడాడ్ హోసే మీద ఇరవై నిమిషాల డాక్యుమెంటరీ ఎలా తీయాలి

కరీబియన్ దీవి ట్రినిడాడ్‌లో మొహర్రం నెలలో, మహమ్మద్ ప్రవక్త మనవడు హుసేన్ మరణానికి సంతాపంగా జరిగే హోసేను తీయడానికి వెళ్లినవాళ్లు సాధారణంగా ఊరేగింపు రాత్రి దిగుతారు. మెరిసే తాజియాలు (వెదురు, కాగితాలతో కట్టే సమాధి నమూనాలు), తాసా డోళ్ల హోరు, జనం. నాలుగు గంటల ఫుటేజీ దొరుకుతుంది, దాంతో ఐదు నిమిషాల వీడియో తయారవుతుంది. ఐదు నిమిషాలు దాటాక చూసేవాడికి విసుగు పుడుతుంది, ఎందుకంటే తానేం చూస్తున్నాడో అతనికి ఎవరూ చెప్పలేదు. ఆ తాజియాను వారాల తరబడి నియమంతో కట్టింది ఎవరు? అంత కష్టపడి కట్టినదాన్ని మూడు రోజుల్లో సముద్రంలో ఎందుకు కలుపుతారు? 1884లో ఇదే ఊరేగింపు మీద పోలీసులు తుపాకులు ఎందుకు పేల్చారు? అసలు సినిమా ఈ మూడు ప్రశ్నల్లో ఉంది. అంటే కెమెరా ఎక్కువ కాలం ఉండాల్సింది రోడ్డు మీద కాదు, తాజియా కట్టే యార్డులో.

ముందు తెలుసుకోవాల్సిన చరిత్ర

బ్రిటిష్ వలసల్లో బానిసత్వం 1834లో చట్టప్రకారం రద్దయింది, 1838లో పూర్తిగా ముగిసింది. ఆ తర్వాత చెరకు తోటలకు కూలీలు కావలసి వచ్చారు. కలకత్తా నుంచి బయలుదేరిన ఫతెల్ రజాక్ అనే ఓడ 1845 మే 30న తొలి భారతీయ కూలీలతో ట్రినిడాడ్ చేరింది. 1917లో ఈ వలస ఆగేలోపు లక్షా నలభై వేల మందికి పైగా అక్కడ దిగారు. ఎక్కువమంది కలకత్తా రేవు నుంచి వెళ్లిన భోజ్‌పురి ప్రాంతంవాళ్లు. మద్రాసు రేవు నుంచి వెళ్లిన ఓడల్లో తమిళులతో పాటు తెలుగువాళ్లూ ఉన్నారు. దీవిలో హోసే జరిగినట్టు తొలి ప్రస్తావన 1854 నాటిది.

తెలుగువాళ్లు ఇక్కడ ఒక విషయంలో జాగ్రత్తగా ఉండాలి. పీర్ల పండగ చూసి పెరిగినవాళ్లకు హోసే చూడగానే ‘ఇది మనదే’ అనిపిస్తుంది. హిందువులు పీర్లను ఎత్తుకోవడం మన పల్లెల్లో ఎంత మామూలో, హోసేలో హిందువులు, ఆఫ్రికన్ సంతతివాళ్లు పాల్గొనడం అక్కడ అంత మామూలు. పోలిక నిజమే, కానీ పోలిక ఉన్నంతమాత్రాన హోసే మన దగ్గర నుంచే వెళ్లిందని తేలదు. ఆ మాట వ్యాఖ్యానంలో పెట్టకండి. తెలుగు ప్రేక్షకుడికి దారి చూపడానికి పీర్ల పండగను ఒక్క వాక్యంలో ప్రస్తావించి వదిలేస్తే చాలు.

తేదీలు ఖరారు చేసుకోవడం

హిజ్రీ క్యాలెండర్ చంద్రుణ్ని బట్టి నడుస్తుంది కాబట్టి ఏటా దాదాపు పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. మొహర్రం పదో రోజు 2026లో జూన్ చివరి వారంలో, 2027లో జూన్ మధ్యలో పడుతుంది. 2029 నాటికి మే నెలలోకి వస్తుంది. ట్రినిడాడ్‌లో వానాకాలం జూన్‌లో మొదలై డిసెంబరు దాకా ఉంటుంది. కాబట్టి జూన్‌లో వెళితే వాన తప్పదనుకునే ప్లాన్ చేయండి. కచ్చితమైన తేదీలు హోసే నిర్వహించే కమిటీలు ప్రకటిస్తాయి. ఫోన్‌లోని క్యాలెండర్ చూసి టికెట్ కొంటే ఒకరోజు అటూఇటూ కావచ్చు.

వరస ఇలా ఉంటుంది: జెండాల రాత్రి, చిన్న హోసే రాత్రి, పెద్ద హోసే రాత్రి, మర్నాడు పగటి ఊరేగింపు, ఆ తర్వాత మూడో రోజున నిమజ్జనం. రాజధాని పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లోని సెయింట్ జేమ్స్ పేటలో జరిగేది పెద్దది. నైరుతి కొసన సెడ్రోస్‌లో చిన్నగా జరుగుతుంది. రెండూ ఒకే రాత్రుల్లో జరుగుతాయి, వాటి మధ్య దూరం చాలా ఎక్కువ. ఒక్క బృందంతో రెండూ తీయాలనుకుంటే రెండూ సగం సగం మిగులుతాయి. ఒకటే ఎంచుకోండి.

పెద్ద రాత్రికి కనీసం మూడు వారాల ముందే దీవిలో ఉండాలి. అంత వీలు లేకపోతే స్థానిక కెమెరామన్ ఒకరిని మాట్లాడుకుని, వారానికి రెండుసార్లు యార్డుకు పంపండి. ఊరేగింపు ఒకటి తక్కువైనా నష్టం లేదు, కట్టే పని మాత్రం మళ్లీ దొరకదు.

ప్రయాణం సంగతికొస్తే, ఇండియా నుంచి నేరుగా విమానం లేదు. అమెరికా మీదుగా వెళ్తే విమానాశ్రయం దాటకపోయినా అమెరికా వీసా ఉండాలి. ట్రినిడాడ్ వీసా నిబంధనలు ఢిల్లీలోని వాళ్ల హైకమిషన్‌లో కనుక్కోండి, షూటింగ్‌కు వెళ్తున్నామనే మాట దాచకండి. న్యూయార్క్ చుట్టుపక్కల ఉండే తెలుగువాళ్లకు ఇది ఐదు గంటల ప్రయాణం. ఈ సినిమా వాళ్లకే సులువు.

యార్డు అనుమతి

తాజియా కట్టే యార్డులు కుటుంబాల ఆధీనంలో, తరాల నుంచి నడుస్తున్నాయి. ప్రభుత్వ ఫిల్మ్ సంస్థ ఇచ్చే కాగితం రోడ్డు మీద పనికొస్తుంది. యార్డు తలుపు తీసేది మాత్రం ఇంటి పెద్ద. మొదటిసారి కెమెరా లేకుండా వెళ్లండి. ఏం తీస్తారు, ఎవరు చూస్తారు, డబ్బులొస్తే ఎవరికి అన్న మూడు విషయాలూ అడక్కముందే చెప్పండి.

కట్టే రోజుల్లో పనివాళ్లు మాంసం, మద్యం మానేసి నియమంగా ఉంటారు. ఆ ప్రాంగణంలోకి మీరూ అలాగే వెళ్లాలి. చెప్పులు ఎక్కడ విప్పాలి, ఎవరు ఎక్కడిదాకా రావచ్చు, చౌక్ అనే పవిత్ర స్థలం దగ్గర ఏది తీయకూడదు అని ముందే అడిగి తెలుసుకోండి. బృందంలోని ప్రతి ఒక్కరికీ అది విడిగా చెప్పండి. చాలా అనుమతులు డైరెక్టర్ వల్ల కాదు, గుమ్మం దగ్గర సిగరెట్ వెలిగించిన అసిస్టెంట్ వల్ల పోతాయి.

అన్నిటికంటే ముఖ్యమైన షరతు: తాజియా నమూనా పెద్ద రాత్రి దాకా రహస్యం. ఒక యార్డు ఈసారి ఏం కడుతుందో పక్క యార్డుకు తెలియకూడదు. అందుకని నిమజ్జనం అయ్యేదాకా ఒక్క ఫొటో, ఒక్క చిన్న క్లిప్ కూడా ఎక్కడా పెట్టబోమని రాసి సంతకం పెట్టి ఇవ్వండి. రెండు యార్డుల్లో తీస్తున్నారంటే ఆ సంగతి ఇద్దరికీ చెప్పాలి. ఒక యార్డు ఫుటేజీని కెమెరా తెరమీద రెండో యార్డువాళ్లకు సరదాకైనా చూపించకూడదు.

డబ్బు ఇవ్వాలా? ఇంటర్వ్యూకు ఇంత అని రేటు పెడితే మాటలు మారిపోతాయి. కాగితం, వెదురు, తగరపు మెరుపు కాగితాల ఖర్చుకు చందాగా, అందరికీ తెలిసేలా ఇవ్వడం మంచిది. తాసా వాయించేవాళ్ల సంగతి వేరు. వాళ్ల వాయింపు మీ సినిమాలో సంగీతంగా వాడుతున్నారు కాబట్టి వాళ్లతో విడిగా రాతపూర్వక ఒప్పందం, విడిగా పారితోషికం ఉండాలి.

కరెంటు, కెమెరా: ఇండియా అలవాటుతో వచ్చే పొరపాటు

ట్రినిడాడ్ కరెంటు 115 వోల్టులు, 60 హెర్ట్జ్. మన దగ్గర 230 వోల్టులు, 50 హెర్ట్జ్. కెమెరా చార్జర్లు రెండింటికీ పనిచేస్తాయి, అమెరికా తరహా బల్లపరుపు పిన్నుల అడాప్టర్ ఉంటే చాలు. గొడవంతా షట్టర్‌తో. ఇండియాలో సెకనుకు 25 ఫ్రేములు, 1/50 షట్టర్ పెట్టి తీసే అలవాటుతో అక్కడా అలాగే తీస్తే, ట్యూబులైట్లు, చవక ఎల్‌ఈడీల కింద బొమ్మ మీద నల్లటి పట్టీలు పైకీ కిందకీ పాకుతాయి. అక్కడి దీపాలు సెకనుకు 120 సార్లు వెలిగి ఆరుతాయి. 1/50 సెకనులో రెండున్నర కంటే కాస్త తక్కువ మెరుపులు పడతాయి, అంటే ప్రతి వరసకూ వెలుతురు ఒకే లెక్కలో అందదు. 1/60 పెడితే సరిగ్గా రెండు పడతాయి, పట్టీలు పోతాయి. ఫ్రేములు 24 ఉన్నా 25 ఉన్నా షట్టర్ 1/60 దగ్గరే ఉంచండి. షట్టర్‌ను డిగ్రీల్లో చూపే కెమెరా అయితే 24 ఫ్రేములకు 144 డిగ్రీలు. ఈ పట్టీలను ఎడిటింగ్‌లో తీసేయడం దాదాపు అసాధ్యం, చిన్న తెరమీద షూటింగ్ వేళ కనిపించవు కూడా. యార్డులో మొదటిరోజు రెండు నిమిషాలు తీసి, పెద్ద తెరమీద చూసుకున్నాకే మిగతా పని మొదలుపెట్టండి. అలంకరణ దీపాల్లో కొన్ని తమ సొంత లెక్కలో వణుకుతాయి. వాటికి షట్టర్‌ను కొద్దికొద్దిగా జరిపి చూసుకోవాలి.

బ్యాటరీలు చేతి సంచీలోనే తీసుకెళ్లాలి. 100 వాట్-అవర్ లోపువి మామూలుగా అనుమతిస్తారు, 100 నుంచి 160 వాటికి విమాన సంస్థ ఒప్పుకోవాలి, అవీ మనిషికి రెండే. 98 వాట్-అవర్ బ్యాటరీలు మార్కెట్లో అంత ఎక్కువగా ఉండటానికి కారణం ఇదే. పరికరాల పేర్లు, సీరియల్ నంబర్లతో జాబితా రాసి, ఇండియా నుంచి బయలుదేరేటప్పుడే విమానాశ్రయ కస్టమ్స్ దగ్గర ఎగుమతి ధ్రువపత్రం తీసుకోండి. లేకపోతే తిరిగొచ్చినప్పుడు మీ కెమెరాకే మీరు సుంకం కట్టాల్సి రావచ్చు. డ్రోన్ తీసుకెళ్లాలంటే అక్కడి పౌర విమానయాన అధికారుల అనుమతి ముందే ఉండాలి. నిజానికి ఈ సినిమాకు డ్రోన్ అక్కర్లేదు. జనం నెత్తిమీద, కరెంటు తీగల మధ్య, సంతాపపు వాయింపు సాగుతున్నప్పుడు డ్రోన్ రొద వింటే ఎవరికైనా కోపమొస్తుంది.

నిల్వ లెక్క: 100 మెగాబిట్ల వేగంతో తీసే 4కె ఫుటేజీ గంటకు 45 జీబీ. రెండు కెమెరాలు నాలుగేసి గంటలు తిరిగితే ఒక రాత్రికి 360 జీబీ. యార్డు పని కలుపుకుంటే 4 టీబీ చాలకపోవచ్చు. ప్రతి రాత్రీ పడుకోబోయే ముందే రెండు డిస్కుల్లోకి చెక్‌సమ్‌తో (కాపీ అసలుతో సరిపోయిందో లేదో పోల్చి చూసే పద్ధతి) కాపీ చేసి, ఒకటి మీ గదిలో కాకుండా వేరేచోట ఉంచండి. రెండు కాపీలూ తెరిచి చూడకుండా కార్డు ఫార్మాట్ చేయకూడదు.

యార్డులో ఏం తీయాలి

వెదురు చీల్చడం, చట్రం కట్టడం, కాగితం కత్తిరించడం, మెరుపు కాగితం అతికించడం, గుమ్మటం ఎత్తడం. ఈ ఐదు దశల్లో ప్రతిదానికీ ఒకే కోణం నుంచి ఒక స్థిరమైన షాట్ తీసుకోండి. గోడమీద చాక్‌పీసుతో గుర్తు పెట్టి, ప్రతిసారీ ట్రైపాడ్ అక్కడే, అదే లెన్స్, అదే ఎత్తు. ఎడిటింగ్‌లో ఈ ఐదు షాట్లు పక్కపక్కన పెడితే వ్యాఖ్యానం లేకుండానే కాలం గడిచినట్టు తెలుస్తుంది. టైమ్‌లాప్స్ కంటే ఇదే మేలు, ఎందుకంటే టైమ్‌లాప్స్‌లో మనుషులు చీమల్లా పరిగెడతారు, చేతుల నేర్పు కనిపించదు.

ఆ తర్వాత చేతులు. ఒక పని మొదటి నుంచి చివరిదాకా కనీసం మూడు నిమిషాలు ఆపకుండా తీయండి. వెడల్పుగా ఒకటి, చేతుల మీద ఒకటి, ముఖం మీద ఒకటి. ముఖం షాట్ లేకపోతే పని షాట్ల మధ్య కోత పెట్టలేరు. మెరుపు కాగితం వెలుతురును అద్దంలా తిప్పికొడుతుంది, ఆటో ఎక్స్‌పోజర్ పెడితే కాగితం కదిలినప్పుడల్లా ముఖాలు నల్లబడతాయి. ఎక్స్‌పోజర్, వైట్ బ్యాలెన్స్ రెండూ చేత్తో పెట్టి తాళం వేయండి. కెమెరా మీద లైటు వెలిగించకండి. ఎఫ్ 1.8 లేదా 2 లెన్స్ ఒకటి ఉంటే యార్డు బల్బు వెలుగు సరిపోతుంది.

రేకుల కప్పు మీద వాన పడితే ఇంటర్వ్యూ ఆపేయాల్సిందే, ఏ మైకూ ఆ చప్పుడును దాటలేదు. కానీ రికార్డర్ ఆపకండి. ఆ వాన చప్పుడు, కాగితాలు తడవకుండా పనివాళ్లు పడే హడావిడి సినిమాకు కావాలి.

తాసా శబ్దం

దీనిమీద ఖర్చు తగ్గించుకోవద్దు. బృందంలో ముందుండి నడిపే తాసాను కట్టర్ అంటారు, వెనక తాళం పట్టేదాన్ని ఫూలే అంటారు, వీటికి తోడు పెద్ద బాస్ డోలు, ఝాంఝ్ అనే పెద్ద తాళాలు. మట్టి లేదా లోహపు గిన్నెకు బిగించిన మేకతోలు మీద సన్నపు కర్రలతో కొడతారు. ప్రతి దెబ్బా సూదిమొనలా లేస్తుంది, సగటు స్థాయి తక్కువే కనిపించినా శిఖరాలు మీటరు చూపేదానికంటే ముందే పగిలిపోతాయి. మామూలు 24 బిట్ రికార్డర్ అయితే శిఖరాలు −18 డెసిబెల్స్ దగ్గర ఉండేలా పెట్టుకోండి. 32 బిట్ ఫ్లోట్ రికార్డర్ ఉంటే స్థాయి బెంగ తగ్గుతుంది, కానీ అది మైకును కాపాడదు. మైకే తట్టుకోలేకపోతే లోపలికి వచ్చేదే పగిలిన శబ్దం. 130 డెసిబెల్స్ దాకా తట్టుకునే మైకులు గానీ, గాయకులు చేత పట్టుకునే రకం డైనమిక్ మైకు గానీ వాడండి. ఫోను, కెమెరా మైకుల శబ్దం బొమ్మకు అసలు రికార్డింగును జత చేసుకోవడానికి మాత్రమే.

ఒక జత మైకులను మేళానికి నాలుగైదు మీటర్ల దూరంలో, పక్కనే నడుస్తూ పట్టుకోవాలి. దగ్గరికి వెళ్తే కట్టర్ ఒక్కటే వినిపించి బాస్ పోతుంది. వాయింపు రకాలను అక్కడ ‘హ్యాండ్’లు అంటారు. సంతాపానికి ఒకటి, నడకకు ఒకటి, అలా. ఒక్కో హ్యాండ్‌ను మొదలు నుంచి ఆగేదాకా పూర్తిగా రికార్డు చేయండి. ముక్కలుగా తీసుకుంటే వేగం కలవదు, ఎడిటింగ్‌లో అతుకులు వినిపిస్తాయి. ఏది ఏ హ్యాండో అప్పటికప్పుడే ఆ వాయించినవాళ్ల చేతే మైకులో చెప్పించండి. సంతాపపు వాయింపును నడక దృశ్యం కింద వేస్తే మీకు తెలియకపోవచ్చు, సెయింట్ జేమ్స్‌లో చూసే ప్రతివాడికీ తెలుస్తుంది. ఇక ట్రినిడాడ్‌లో ఆటపాటలతో జరిగే కార్నివాల్ పండగ పాటల సంగీతం ఎక్కడా వేయకండి. హోసే కార్నివాల్ కాదని అక్కడివాళ్లు ఏళ్లుగా మొత్తుకుంటున్నారు.

తోలు వదులైనప్పుడు రోడ్డు పక్కన మంట వేసి తాసాలను కాస్తారు. మైకులకు ఆ విరామమే బంగారం: చిటపటలు, మెల్లగా మాటలు, కర్రతో ఒకటి రెండు దెబ్బలు కొట్టి చూసుకోవడం. చాలామంది ఆ సమయంలోనే బ్యాటరీ మార్చుకోవడానికి వెళ్తారు. మీరు దానికి ముందే మార్చుకోండి.

ఊరేగింపు రాత్రి

ముందురోజు పగలు వెస్ట్రన్ మెయిన్ రోడ్డు మొత్తం నడిచి, వెలుగున్న చోట్లు, ఎత్తున్న చోట్లు, కరెంటు తీగలు కిందికి వేలాడే చోట్లు గుర్తు పెట్టుకోండి. తీగల దగ్గర తాజియా ఆగుతుంది, తీగను పైకెత్తి దాటిస్తారు. అక్కడ ఒక కెమెరా ఉండాలి. రెండో కెమెరా అర్ధచంద్రాల కోసం. ఎరుపు చంద్రుడు హుసేన్‌కు, ఆకుపచ్చ ఆయన అన్న హసన్‌కు గుర్తు. బరువైన ఆ చంద్రాన్ని ఒక్కో మనిషి భుజాన మోస్తూ గిరగిరా తిప్పుతాడు, అలసిపోగానే ఇంకొకరు అందుకుంటారు. రెండు చంద్రాలూ ఒకదాన్నొకటి తాకే క్షణానికి జనం ఒక్కసారిగా మీదకు వస్తారు. 24 మిల్లీమీటర్ల లెన్స్‌తో పక్కనుంచి తీయండి, ఎదురుగా నిలబడితే తోపులాటలో కెమెరా పోతుంది. తిప్పుడు వ్యాసార్ధంలోకి అసలు అడుగుపెట్టకండి.

1884 భాగం

కాగితాలు ఎక్కువ, బొమ్మలు తక్కువ ఉన్న భాగం ఇది. 1881లో పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లో కార్నివాల్‌లో భాగమైన కాంబూలే అనే కాగడాల ఊరేగింపు మీద పోలీసులకూ జనానికీ ఘర్షణ జరిగింది. తోటల్లో కూలీల అసంతృప్తి పెరుగుతున్న రోజులు కూడా. ఆ భయంతో 1884లో వలస ప్రభుత్వం హోసే ఊరేగింపులు పట్టణాల్లోకి రాకూడదని ఆంక్షలు పెట్టింది. కూలీలు తమ ఆచారాన్ని అడ్డుకోవద్దని అర్జీ పెట్టుకున్నా వినలేదు. అక్టోబరు 30న శాన్ ఫెర్నాండో పట్టణం పొలిమేరల్లో, మోన్ రెపో లాంటి చోట్ల, పోలీసులు కాల్పులు జరిపారు. ఆ ఊరేగింపుల్లో హిందువులూ పెద్ద సంఖ్యలో ఉన్నారు. విచారణకు జమైకా గవర్నర్ హెన్రీ నార్మన్‌ను పంపారు. ఆయన నివేదిక పోలీసుల చర్యను సమర్థించింది.

మృతుల సంఖ్య ఒక్కో ఆధారంలో ఒక్కోలా ఉంటుంది. ఒక అంకె ఎంచుకుని తెరమీద వేసేయకండి. అధికారిక నివేదిక అంకె ఇది, తర్వాతి చరిత్రకారుల అంకె ఇది అని రెండూ చూపండి. ఆ తేడాయే చరిత్రలో భాగం.

ఎక్కడ వెతకాలి: లండన్‌లో క్యూ అనే పేటలోని నేషనల్ ఆర్కైవ్స్‌లో ట్రినిడాడ్ ఉత్తరప్రత్యుత్తరాలు సీఓ 295 వరసలో ఉన్నాయి. పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లోని జాతీయ పురాభిలేఖాలయంలో ఒప్పంద కూలీల రిజిస్టర్లు ఉన్నాయి, ఈ రికార్డులు 2011లో యునెస్కో ప్రపంచ స్మృతి జాబితాలో చేరాయి. సెయింట్ అగస్టీన్‌లోని వెస్టిండీస్ విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో వెస్టిండియానా విభాగం, అప్పటి పోర్ట్ ఆఫ్ స్పెయిన్ గెజెట్ పత్రిక చూడండి. చదువుకోవడానికి ఫొటో తీసుకోనిచ్చారంటే సినిమాలో వాడుకోవచ్చని కాదు. తెరమీద చూపే హక్కుకు విడిగా దరఖాస్తు, విడిగా రుసుము ఉంటాయి. ఆ జవాబు రావడానికి వారాలు పడుతుంది కాబట్టి షూటింగ్‌కు ముందే పంపండి.

కాల్పుల దృశ్యం నటులతో తీయాలన్న ఆలోచన వస్తుంది, వద్దు. ఆ కూడళ్లను ఇప్పటి ట్రాఫిక్‌తో సహా స్థిరంగా తీసి, పైన నివేదికలోని వాక్యాలు చదివించండి. జమైకా హోసే పాత బొమ్మలు, కార్నివాల్ బొమ్మలు ట్రినిడాడ్ పేరుతో ఇంటర్నెట్‌లో తిరుగుతుంటాయి. ఏ సంచిక, ఏ తేదీ, ఏ దీవి అన్నది తేలని బొమ్మను వాడొద్దు.

ఎడిటింగ్, తెలుగు సబ్‌టైటిళ్లు

ఇరవై నిమిషాల్లో యార్డుకు పది, రాత్రికి నాలుగు, 1884కు నాలుగు, నిమజ్జనానికి రెండు. 1884ను మొదట్లో పెడితే పాఠంలా ఉంటుంది, తాజియా రోడ్డెక్కే ముందు పెట్టండి. అప్పుడు ఊరేగింపు కదిలినప్పుడు ఏం పణంగా పెట్టి కదిలిందో చూసేవాడికి తెలుస్తుంది. హోసే ఇస్లాంకు తగదనే ముస్లింలు దీవిలోనే ఉన్నారు. వాళ్ల మాట ఒక నిమిషం ఉండాలి, వాదోపవాదాల కార్యక్రమం కాకూడదు. తెలుగు వ్యాఖ్యానం నిమిషానికి నూరు పదాలకు మించితే వినలేం. మొత్తం మీద ఆరువందల పదాల్లో ముగించండి.

వాళ్ల ఇంగ్లిష్ క్రియోల్‌ను సాఫ్ట్‌వేర్‌తో రాయిస్తే చెత్త వస్తుంది. స్థానికుడి చేత రాయించి, దానినుంచి తెలుగు చేయండి. సబ్‌టైటిల్ వరసకు 35 అక్షరాలు, గరిష్ఠంగా రెండు వరసలు. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో సంక్లిష్ట లిపుల సెట్టింగ్ ఆన్ చేయకపోతే వత్తులు విడిపోయి పక్కన నిలబడతాయి. వరసల మధ్య ఖాళీ ఇంగ్లిష్‌కు ఇచ్చే దానికంటే మూడో వంతు ఎక్కువ ఇవ్వాలి, లేకపోతే పై వరస వత్తులు కింది వరస గుడులను తాకుతాయి. చివరి ఫైలును ఫోన్‌లో, టీవీలో రెండింటిలో చూసి, ‘స్త్ర’, ‘క్ష్మి’, ‘ర్ధ్వ’ లాంటివి సరిగా వచ్చాయో లేదో వెతికి చూడండి.

విడుదలకు ముందు ఎడిట్ చేసిన సినిమాను యార్డు కుటుంబానికి చూపించండి. పేర్ల వర్ణక్రమం, ఏ హ్యాండ్ ఎక్కడ పడింది, ఎవరి బంధువు ఈమధ్య చనిపోయాడు అన్నవి వాళ్లే చెప్పగలరు. పూర్తయిన సినిమాతో పాటు, కత్తిరించని తాసా రికార్డింగులు, యార్డు ఫుటేజీ ఒక డిస్కులో పెట్టి వాళ్లకు ఒకటి, దీవి జాతీయ గ్రంథాలయానికి ఒకటి పంపండి. ఫైళ్ల పేర్లలో తేదీ, యార్డు, వాయించినవాళ్ల పేర్లు ఉండాలి.